వాహనపు ఛాసిస్: తుప్పు నివారణ చరిత్ర

సాంకేతిక చరిత్ర చదివే విద్యార్థికి ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. ఒక ఉపాయం తెలిసిన కాలానికీ, అది ఆచరణలోకి వచ్చిన కాలానికీ మధ్య అంత ఎడం ఎందుకు ఉంటుంది? ఇనుమును తుప్పు నుంచి కాపాడే నమ్మకమైన పద్ధతి 1837 నాటికే ఉంది. అయినా 20వ శతాబ్దం చివరి వరకు జీపులు, కార్లు, ట్రక్కుల ఛాసిస్‌లు తుప్పుకు ఆహుతి అవుతూనే ఉన్నాయి. దీనికి కారణం అజ్ఞానం కాదు. నివారణ ఖర్చు తయారీదారుది, తుప్పు నష్టం కొనుక్కున్నవాడిది కావడమే కారణం.

ముందుగా తుప్పు స్వభావం తెలుసుకోవాలి. ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలినప్పుడే తుప్పు పడుతుంది. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం కోసం ఒక ప్రయోగం చేశాడు. ఓడల అడుగున కొట్టిన రాగి రేకులు సముద్రపు నీటిలో పాడవకుండా వాటికి జింకు, ఇనుప ముక్కలను జోడించాడు. ఆ ముక్కలు తాము కరిగిపోతూ రాగిని కాపాడాయి. (రాగి కరగడం ఆగిపోయేసరికి ఓడ అడుగున నత్తలు, నాచు పేరుకున్నాయి. దాంతో నౌకాదళం ఆ పద్ధతిని వదిలేసింది. శాస్త్రం గెలిచి ఆచరణ ఓడిన ఉదాహరణ ఇది.) 1837లో ఫ్రెంచి ఇంజనీరు స్టానిస్లాస్ సోరెల్, శుభ్రం చేసిన ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గాల్వనైజింగ్ అంటే ఇదే. పూత మీద గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు ముందుగా తాను క్షయిస్తూ ఇనుమును కాపాడుతుంది. మన జి.ఐ. పైపులు, బకెట్లు, ఇంటి కప్పు రేకులు ఈ సూత్రం మీదనే మన్నుతున్నాయి.

ఇక ఛాసిస్ విషయానికి వద్దాం. ఇందుకు ల్యాండ్ రోవర్ చరిత్ర చక్కని ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో ఉక్కుకు తీవ్రమైన కొరత ఉండేది. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో విడుదలైన ల్యాండ్ రోవర్‌కు ఆ కారణంగానే అల్యూమినియం మిశ్రమలోహపు బాడీ పెట్టారు. బరువు మోసే ఛాసిస్‌ను మాత్రం ఉక్కు పట్టీలను పెట్టె ఆకారంలో వెల్డింగ్ చేసి తయారుచేశారు. పరీక్షల కోసం తొలుత తయారుచేసిన వాహనాల ఛాసిస్‌లకు గాల్వనైజింగ్ చేశారు. ఉత్పత్తి మొదలయ్యాక ఆ పద్ధతిని వదిలి రంగు పూతతో సరిపెట్టారు. తెలిసి కూడా వదిలేసిన మార్గం అన్నమాట!

ఫలితం ఊహించదగినదే. పెట్టె ఆకారపు ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది. బయట బ్రష్‌తో రంగు వేయవచ్చు, లోపల వేయలేం. నీరు పోయే రంధ్రాలు బురదతో మూసుకుపోతే లోపల తేమ నెలల తరబడి నిలిచిపోతుంది. శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు దానికి తోడవుతుంది. అందువల్ల తుప్పు లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. బయట రంగు ఉబ్బినట్టు కనిపించే వేళకు లోపలి ఉక్కు సగం పోయి ఉంటుంది. వెనుక అడ్డదూలం, పక్కలకు పొడుచుకు వచ్చే ఆధారపు చేతులు ముందుగా దెబ్బతింటాయి. పైన అల్యూమినియం బాడీ నిగనిగలాడుతూనే ఉంటుంది కనుక కొనేవాడు మోసపోయే అవకాశం ఎక్కువ.

యుద్ధానంతర దశాబ్దాలలో అడుగుభాగమంతా దట్టమైన తారు పూత పూయడం వాడుకలోకి వచ్చింది. నా అభిప్రాయంలో మేలుతో పాటు కీడూ చేసిన పద్ధతి ఇది. కొత్త ఉక్కు మీద అది పనికొస్తుంది. తుప్పు మీద పూస్తే మాత్రం పగుళ్లలోంచి చేరిన నీటిని బయటికి పోనివ్వక, తుప్పును కంటికి కనబడకుండా దాచిపెడుతుంది.

నష్టం తయారీదారు మీద పడటం మొదలైనప్పుడే మార్పు వచ్చింది. 1980లో బ్రిటన్‌లో ఇంజిన్‌ను మోసే చట్రం తుప్పుపట్టిన లాన్సియా బీటా కార్లను కంపెనీ తిరిగి కొనవలసి వచ్చింది. 1970ల మధ్యలో పోర్షె సంస్థ గాల్వనైజ్డ్ ఉక్కు వాడి, తుప్పుపై ఆరేళ్ల హామీ ఇచ్చింది. ఫోర్డ్ సంస్థలో జార్జ్ బ్రూవర్ రూపొందించిన విద్యుత్ పూత పద్ధతి 1960లలో కర్మాగారాలలోకి వచ్చింది. ఇందులో బాడీని రంగు తొట్టెలో ముంచి విద్యుత్తు పంపుతారు. బ్రష్ చేరని మూలల్లోకీ రంగు చేరుతుంది. అయినా కథ అక్కడితో ముగియలేదు. అమెరికాలో టయోటా టకోమా వంటి వాహనాల ఛాసిస్‌ల తుప్పుపై నడిచిన వ్యాజ్యంలో 2016లో రాజీ కుదిరింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు కానీ, ఆ రాజీ విలువను 340 కోట్ల డాలర్ల వరకు అంచనా వేశారు.

పాత వాహనానికి నేడు చేసే చికిత్స ఈ చరిత్ర నుంచే పుట్టింది. ముందు బురద కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తరువాత చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టి చూడాలి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, డొల్లబారిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. పైపై తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, మిగిలిన మరకకు ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తే అది ఇనుప ఫాస్ఫేటుగా మారుతుంది. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు వేయాలి. బోలు భాగాలలోకి సన్నని గొట్టంతో మైనపు ద్రవం చిమ్మాలి, నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. చిల్లు పడిన చోట తుప్పు మీదే అతుకు వేయకూడదు. గట్టి ఉక్కు తగిలేవరకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించాలి.

మన మెకానిక్ షెడ్లలో రెడ్ ఆక్సైడ్ పూత పరిపాటి. దాని ఎర్రదనం ఐరన్ ఆక్సైడ్‌దే, అంటే ఒక విధంగా తుప్పుదే. అది నీటికి అడ్డుగా ఉంటుంది గానీ జింకులాగా తాను క్షయించి ఉక్కును కాపాడదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం మరో అలవాటు. అది తడిని కొంత ఆపినా, దుమ్మును పట్టి రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది. మన తీరప్రాంతంలో రోడ్లపై ఉప్పు చల్లరు. అయితే సముద్రపు గాలి ఉంది. చేపలు, రొయ్యలు మోసే లారీల ఛాసిస్‌ల మీద కారే ఉప్పునీరూ ఉంది. అటువంటి వాహనాన్ని మంచినీటితో అడుగుభాగం కడగడమే అన్నిటికన్నా చౌకైన నివారణ.

నేడు బ్రిటన్‌లో పాత ల్యాండ్ రోవర్ యజమానులు చాలామంది గాల్వనైజ్డ్ ఛాసిస్ కొత్తగా కొని, పాత బాడీని దానిపైకి ఎక్కిస్తున్నారు. 1948లో ఉత్పత్తికి ముందు వదిలేసినదాన్ని తమ డబ్బుతో తిరిగి తెచ్చుకుంటున్నారు. మన దేశంలో ఇది అంత సులువు కాదు. ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది కాబట్టి ఛాసిస్ మార్చాలంటే ముందుగా రవాణా శాఖను సంప్రదించాలి. ఉన్న ఛాసిస్‌ను గీకేటప్పుడు కూడా నంబరు చెక్కిన చోట గ్రైండర్ వాడకూడదు, చేత్తో మెత్తగా శుభ్రం చేసి, అంకెలు చదవగలిగేలా పలుచని పూత వేయాలి.