జింకల వేట రైఫిళ్లు

జింకల వేట రైఫిళ్లు అనగా జింకలు, దుప్పులు మొదలైన గిట్టల జంతువులను వేటాడుటకు ఉపయోగించే, గొట్టం లోపల మెలికల గాడులు గల తుపాకులు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో వీటి ఎంపిక, వాడకం చట్టబద్ధమైన వేటలో భాగం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణల వలన జింకల వేట పూర్తిగా నిషిద్ధం. తెలంగాణలో రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి పట్టణాలతో కూడిన సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం చుట్టూ ఇప్పటికీ జింకలు సంచరించే అడవులు ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఒకప్పటి తుపాకీ వేట నేడు చాలావరకు ఉచ్చులు, విద్యుత్ తీగల రూపం దాల్చింది.

ఈ ప్రాంతపు జింకలు

సాధారణ వాడుకలో జింక అని పిలిచే జంతువులు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. చుక్కల జింక (దుప్పి), కణుజు (సాంబారు), మొరిగే జింక అనేవి నిజమైన జింకలు. వీటిలో మగవాటికి కొమ్ములుంటాయి, అవి రాలిపోయి తిరిగి పెరుగుతాయి. కృష్ణజింక, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక), మనుబోతు (నీల్‌గాయ్) మాత్రం పశువుల కుటుంబానికి చెందినవి. వీటి కొమ్ములు జీవితాంతం ఉంటాయి. మూషిక జింక పరిమాణంలో అన్నిటికంటె చిన్నది, దానికి కొమ్ములే ఉండవు.

శరీర పరిమాణంలో ఈ జంతువుల మధ్య చాలా తేడా ఉన్నది. మూషిక జింక మూడు, నాలుగు కిలోలకు మించదు. కొండగొర్రె సుమారు 20 కిలోలు, కృష్ణజింక 30 నుండి 45 కిలోలు, మగ దుప్పి 70 నుండి 90 కిలోలు ఉంటాయి. ఎదిగిన మగ కణుజు 200 కిలోలు దాటవచ్చు. వేట తుపాకీ ఎంపికలో మొదటి ప్రశ్న ఈ బరువుకు సంబంధించినదే.

2014లో తెలంగాణ ప్రభుత్వం చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక.

తుపాకుల రకాలు

వేటలో వాడిన తుపాకులు ముఖ్యంగా మూడు రకాలు.

నాటు తుపాకీ: దీనిని భర్మారు అని కూడ అంటారు. గొట్టం మూతి నుండి మందు, గుడ్డ పీలిక, ఇనుప లేదా సీసపు గుళ్లు కూరి పేలుస్తారు. ఒకసారి పేల్చిన తరువాత మళ్లీ నింపుటకు సమయం పడుతుంది. గురి నిలకడగా ఉండదు. గొట్టం పగిలి కాల్చినవారే గాయపడే ప్రమాదం కూడ ఉన్నది.

నున్నని గొట్టపు తుపాకీ: 12 బోరు జోడు గొట్టాల తుపాకీ ఇందులో ప్రసిద్ధమైనది. ఒకే తూటా నుండి అనేక గుళ్లు వెదజల్లబడతాయి. పెద్ద గుళ్ల తూటా కూడ 35, 40 మీటర్లు దాటితే జంతువును చంపక గాయపరచే అవకాశం ఎక్కువ.

రైఫిలు: గొట్టం లోపలి గాడుల వలన తూటా బొంగరం వలె తిరుగుతూ పోతుంది. ఈ భ్రమణమే దానిని దారి తప్పనివ్వదు. అందువలన నున్నని గొట్టపు తుపాకీకి అందని దూరాలలో కూడ ఒకే తూటాతో ఖచ్చితమైన దెబ్బ తీయవచ్చు. వేట రైఫిళ్లలో చేతితో బోల్టును వెనుకకు లాగి ముందుకు నెట్టే రకం ఎక్కువ వాడుకలో ఉన్నది. దీని నిర్మాణం సరళం, దృఢం.

భారతదేశంలో .303 వంటి సైనిక తూటాలు పేల్చే రైఫిళ్లు పౌరులకు నిషిద్ధం. అందుచేత కలకత్తా సమీపంలోని ఇచ్ఛాపూర్ రైఫిల్ కర్మాగారంలో పౌరుల కొరకు .315 బోరు రైఫిలు తయారు చేయబడింది. దేశంలో లైసెన్సుదారుల వద్ద ఎక్కువగా కనిపించే రైఫిలు ఇదే.

తూటా ఎంపిక

వేట తూటా జంతువును వెంటనే, బాధ లేకుండా చంపగలగాలి అన్నది వేట చట్టాలున్న దేశాలలో మూల సూత్రం. తూటా వ్యాసం, బరువు, వేగం, నిర్మాణం ఈ నాలుగూ దీనిని నిర్ణయిస్తాయి.

1906లో అమెరికా సైన్యం కొరకు రూపొందిన .30-06 తూటా తరువాత ప్రపంచమంతటా వేటకు వ్యాపించింది. 1925లో .270 విన్‌చెస్టర్, 1952లో .308 విన్‌చెస్టర్, 1955లో .243 విన్‌చెస్టర్ వచ్చినవి. తక్కువ అదటు గల .243 చిన్న, మధ్య తరహా జింకలకు సరిపోతుంది. కణుజు వంటి భారీ జంతువుకు .30-06 లేదా అంతకు మించిన శక్తి కలది వాడతారు. ప్రఖ్యాత వేటగాడు, తరువాత పులుల సంరక్షణకు పాటుపడిన జిమ్ కార్బెట్ వాడిన రైఫిళ్లలో .275 రిగ్బీ ఒకటి. అది 7 మి.మీ. మౌజర్ తూటాకు మరొక పేరు.

తూటా కొన నిర్మాణం కూడ ముఖ్యమే. పూర్తి లోహపు తొడుగు గల సైనిక తూటా శరీరం గుండా దూసుకుపోతుంది. జంతువు గాయంతో పారిపోయి, రోజుల తరబడి బాధపడి మరణిస్తుంది. మెత్తని కొన గల తూటా తగలగానే విచ్చుకొని తన శక్తిని శరీరంలోనే విడుస్తుంది. 1899 నాటి హేగ్ ప్రకటన ఇటువంటి తూటాలను యుద్ధంలో నిషేధించగా, ఇంగ్లండు వేట చట్టం జింకలకు విచ్చుకొనే తూటానే తప్పనిసరి చేసింది. మనిషి విషయంలో క్రూరమని వదిలినది, జంతువు విషయంలో బాధ తగ్గిస్తుందని ఎన్నుకోబడింది.

సీసపు తూటా చిన్న తునకలుగా మాంసంలో మిగిలిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందులు, గద్దలు సీసపు విషంతో మరణిస్తాయి. ఈ కారణంగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. వాటి స్థానంలో రాగి తూటాలు వాడుతున్నారు.

గురి, దూరం, భద్రత

రైఫిలును వేటకు ముందు కాగితపు లక్ష్యంపై, సాధారణంగా 100 మీటర్ల దూరంలో, గురి సరిచూస్తారు. తూటా సరళరేఖలో పోదు. భూమ్యాకర్షణ వలన క్రమంగా కిందికి దిగుతుంది. 100 మీటర్లకు సరిచేసిన .30-06 తూటా 200 మీటర్ల వద్ద సుమారు 10 సెం.మీ. దిగువన తగులుతుంది. కనుక దూరం అంచనా తప్పితే గురి కూడ తప్పుతుంది.

జంతువు పక్కకు తిరిగి ఉన్నప్పుడు, ముందు కాలి జబ్బకు కొద్దిగా వెనుక గల గుండె, ఊపిరితిత్తుల ప్రదేశం సరైన లక్ష్యంగా చెప్పబడింది. పరుగెత్తే జంతువుపైన, పొదల చాటున కదలికపైన కాల్చరాదు. గాయపడిన జంతువును వెదకి బాధ ముగించడం వేటగాని బాధ్యతగా భావిస్తారు.

భద్రతా నియమాలు అన్ని దేశాలలో దాదాపు ఒకటే.
- ప్రతి తుపాకీనీ తూటా నిండినదిగానే భావించాలి.
- గొట్టాన్ని ఎన్నడూ మనుషుల వైపు తిప్పరాదు.
- కాల్చే క్షణం వరకు వేలు మీటపై ఉంచరాదు.
- లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏమున్నదో తెలియక కాల్చరాదు.

చివరి నియమం మిక్కిలి ముఖ్యమైనది. రైఫిలు తూటా మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. పశువుల కాపరులు, తునికాకు, ఇప్పపువ్వు ఏరేవారు తిరిగే అడవులలో వెనుక మట్టిగట్టు లేని చోట కాల్చడం ప్రాణాంతకం.

నిజాం కాలం

హైదరాబాదు సంస్థానంలో వేటను షికారు అనేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పులుల వేటగానిగా పేరు పొందాడు. పాలకవర్గం కొరకు అనేక అడవులు, మైదానాలు వేట స్థలాలుగా కేటాయించబడ్డాయి. హైదరాబాదు సమీపంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట స్థలమే. 1975లో మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర సందర్భంగా దానికి ఆ పేరు పెట్టారు. నేడు అక్కడ కృష్ణజింకలు రక్షణలో ఉన్నాయి.

షికారులో రెండు పద్ధతులు ప్రధానంగా ఉండేవి. చెట్టుపైన లేదా నీటి మడుగు పక్కన మంచె కట్టి కాచుకొనడం మొదటిది. డప్పులు, కేకలతో జంతువులను కాచుకొన్న తుపాకుల వైపు తరమడం రెండవది. దీనిని హాకా అనేవారు. హాకాలో తుపాకీ దొరదైతే, అడవిలో ముందుండి నడిచే ప్రమాదం పరిసర గ్రామాల ప్రజలది. మోటారు వాహనాలు వచ్చిన తరువాత రాత్రిపూట దీపపు వెలుగుతో జంతువును నిశ్చేష్టం చేసి కాల్చడం మొదలైంది. ఇది జంతువుల సంఖ్యను వేగంగా తగ్గించింది.

బొగ్గు గనులు, అడవులు

1871లో విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. గోదావరి లోయ వెంట గనులు విస్తరించి, 1960 దశకంలో గోదావరిఖని పెద్ద గని పట్టణంగా ఎదిగింది. గనులు, కార్మికుల నివాసాలు, రైలు మార్గాలు, రామగుండం విద్యుత్ కేంద్రం, తరువాత ఉపరితల గనులు అడవిని ముక్కలుగా విభజించాయి.

అయినప్పటికీ నదికి ఇరువైపులా అభయారణ్యాలు ఉన్నాయి. మంథని వైపు 1978లో ఏర్పడిన శివారం అభయారణ్యం మొసళ్లకు ప్రసిద్ధి. ఉత్తరాన 1980లో ఏర్పడిన ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు నిలయం. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడింది. మహారాష్ట్ర అడవుల నుండి ఇటు వచ్చే పులులకు దుప్పి, కణుజు, మనుబోతులే ప్రధాన ఆహారం. జింకలు తగ్గితే పులి పశువుల మందల వైపు మళ్లుతుంది.

చట్టం

1972 చట్టం ఆరంభంలో కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడనిచ్చింది. 1991 సవరణతో ఆ లైసెన్సులు రద్దయినవి. చట్టం ప్రకారం వేట అనగా చంపడం మాత్రమే కాదు, పట్టడం, ఉచ్చు పన్నడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడ. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించరాదు. అభయారణ్యంలో వేటకు, అలాగే మొదటి షెడ్యూలు జంతువుల వేటకు 3 నుండి 7 సంవత్సరాల జైలు, 2022 సవరణ ప్రకారం కనీసం 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు.

తుపాకులకు 1959 నాటి ఆయుధాల చట్టం వర్తిస్తుంది. పంట రక్షణకు నాటు తుపాకీ, ఆత్మరక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టపు తుపాకీ లైసెన్సుల ప్రస్తావన అందులో ఉన్నది. అయితే పంట రక్షణ లైసెన్సు జింకను చంపుటకు అనుమతి కాదు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. లైసెన్సు లేని తుపాకీకి 2 నుండి 5 సంవత్సరాల జైలు విధించవచ్చు.

2017లో మహదేవపూర్ అడవులలో తుపాకీతో జింకలను చంపిన కేసు రాష్ట్రమంతటా చర్చనీయాంశమైనది.

విద్యుత్ తీగలు

తుపాకీ దొరకడం కష్టమైన కొద్దీ వేటగాళ్లు విద్యుత్ తీగలను ఆశ్రయించారు. అడవి మీదుగా పోయే విద్యుత్ లైనుకు సన్నని ఇనుప తీగ తగిలించి, జంతువులు నడిచే బాటలో మోకాలి ఎత్తున పొడవుగా కడతారు. దీనికి లైసెన్సు, గురి, శబ్దం ఏవీ అవసరం లేవు. రైఫిలు పట్టినవాడు లక్ష్యాన్ని చూసి కాలుస్తాడు. తీగ మాత్రం దుప్పి, పులి, ఎద్దు, మనిషి అనే తేడా చూడదు.

2019 జనవరిలో మందమర్రిలో పులి చర్మం పట్టుబడినది. జింకల వంటి జంతువుల కొరకు పన్నిన విద్యుత్ తీగకు ఆ పులి బలైనట్లు దర్యాప్తులో తేలింది. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవులలో గాలింపు జరుపుతున్న గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు వేటగాళ్ల తీగ తగిలి మరణించాడు. అడవి అంచున రాత్రిపూట పొలానికి నీరు పెట్టబోయే రైతుకు కూడ ఇదే ముప్పు ఉన్నది.

ఇతర దేశాలలో

ఇంగ్లండు, వేల్సులలో 1991 నాటి జింకల చట్టం ప్రకారం జింకల వేటకు రైఫిలు బోరు .240 కంటె, తూటా శక్తి సుమారు 2,305 జౌళ్ల కంటె తక్కువ ఉండరాదు. మొరిగే జింక వంటి చిన్నవాటికి కొంత సడలింపు ఉన్నది. అమెరికాలో వేటగాళ్లకు భద్రతా శిక్షణ, వేట కాలం, సంఖ్యా పరిమితి ఉంటాయి. ఇతరుల తూటాకు గురి కాకుండా అనేక రాష్ట్రాలలో నారింజ రంగు దుస్తులు ధరించాలి.

మన చుక్కల జింక 1860 దశకంలో హవాయి దీవులకు, 1930 దశకంలో అమెరికాలోని టెక్సాస్‌కు చేర్చబడింది. పులి వంటి శత్రువు లేనందున అక్కడ విస్తారంగా పెరిగింది. తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సాస్‌లో దాని వేట చట్టబద్ధం. తెలంగాణ రాష్ట్ర జంతువైన అదే దుప్పిని గోదావరి తీరాన చంపితే శిక్షార్హం. వేట చట్టాలు జంతువుపై కాక, అది జీవించే అడవి స్థితిపై ఆధారపడతాయనుటకు ఇది ఉదాహరణ.

ఇవి కూడా చూడండి

- కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రం
- ప్రాణహిత అభయారణ్యం
- సింగరేణి కాలరీస్ కంపెనీ
- కృష్ణజింక