సలహా అడిగితేనే చెప్పాలా? గిరిజన సలహా మండలి కథ

మాది ఎలమంచిలి అని మన ఎపిసోడ్లు ఫాలో అయ్యేవాళ్లకి తెలుసు. మా ఊరు పూర్తిగా మైదానం. ఒకపక్క హైవే, ఒకపక్క హౌరా-చెన్నై రైల్వే లైను, కాస్త దూరంలో అచ్యుతాపురం ఫ్యాక్టరీలు. కానీ ఇదే అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, గొలుగొండ వైపు వెళ్తే నేల కొండెక్కడం మొదలవుతుంది. ఆ పైన ఉన్నదంతా మన్యం. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లాని విడగొట్టినప్పుడు ఆ మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, మనం అనకాపల్లి జిల్లా అయ్యాం.

ఈ రోజు టాపిక్ ఆ కొండలకీ మనకీ మధ్య ఉన్న ఒక గీత గురించి, ఆ గీత అవతల ఉన్నవాళ్ల మాట ప్రభుత్వానికి చేరాలని రాజ్యాంగం వేసిన కొన్ని కుర్చీల గురించి. వాటికి పేరు గిరిజన సలహా మండలి. ఇంగ్లీషులో ట్రైబల్ అడ్వైజరీ కౌన్సిల్, షార్ట్‌గా టీఏసీ. పేరు విని బోర్ అనుకోకండి. ఒక కొండ ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న దీని చుట్టూనే తిరిగింది.

ఏజెన్సీ అని ఎందుకంటాం?

మనం మామూలుగా "ఏజెన్సీ ఏరియా" అంటాం కదా, ఆ పేరు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? 1839లో బ్రిటిష్ వాళ్లు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి ఒక ప్రత్యేక చట్టం తెచ్చారు. మైదానంలో నడిచే మామూలు కోర్టులు, రూల్సు అక్కడ నడవవు. కలెక్టరే గవర్నరు తరఫున "ఏజెంట్"గా అన్నీ చూసుకుంటాడు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అంతే.

గమనించండి, అక్కడ ఉండేవాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. 1917లో ఇంకో చట్టం వచ్చింది. కొండ తెగల భూమిని బయటివాళ్లు కొనాలంటే ఏజెంటు అనుమతి ఉండాలి అని. ఉద్దేశం మంచిదే. షావుకారు అప్పు ఇవ్వడం, వడ్డీ పెరగడం, భూమి పోవడం అప్పటికే మామూలైపోయింది. కానీ కాపాడాల్సినవాడూ, అనుమతి ఇచ్చేవాడూ ఒకే దొర. భూమి ఎవరిదో వాళ్లకి నోరు లేదు.

నోరు లేనప్పుడు ఏమవుతుందో మన జిల్లాకి బాగా తెలుసు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడింది. అడవి మీద ఆంక్షలు, రోడ్ల కోసం కూలి సరిగ్గా ఇవ్వకుండా చేయించుకున్న చాకిరీ, వీటి నుంచి పుట్టిన కోపం అది. 1922 ఆగస్టులో వరుసగా దాడి చేసిన పోలీస్ స్టేషన్లలో కృష్ణదేవిపేట ఒకటి. అది ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. అడిగే దారి లేకపోతే తుపాకులు ఎత్తుకెళ్లే దారి పుడుతుందని ఆ రెండేళ్లు చెప్పాయి.

1949: ఒక్క మాట మారింది

ఇప్పుడు రాజ్యాంగ సభకి వద్దాం. కొండ ప్రాంతాలని ఎలా పాలించాలో చూడమని ఠక్కర్ బాపా అధ్యక్షతన ఒక ఉపసంఘం వేశారు. అందులో జైపాల్ సింగ్ ముండా కూడా ఉన్నారు. హాకీ తెలిసినవాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది, 1928 ఒలింపిక్స్‌లో మన టీమ్ కెప్టెన్. ఆదివాసీల తరఫున రాజ్యాంగ సభలో గట్టిగా వినిపించిన గొంతు ఆయనది.

గిరిజనుల ప్రతినిధులతో ఒక మండలి ఉండాలి అన్నదానికి అందరూ ఒప్పుకున్నారు. గొడవంతా దానికి ఎంత పవర్ ఇవ్వాలన్న దగ్గర వచ్చింది. మొదటి ముసాయిదాలో మండలి మాటకి బరువు ఎక్కువ. 1949 సెప్టెంబరులో సభ ముందుకి వచ్చిన కొత్త రూపంలో ఆ బరువు తగ్గింది. గవర్నరు మండలిని "సంప్రదించాలి" అన్నారు. మండలి పని ఏంటంటే, గవర్నరు తన దగ్గరికి పంపిన విషయాల మీద సలహా చెప్పడం. జైపాల్ సింగ్ దీన్ని ఒప్పుకోలేదు. అడిగితేనే చెప్పాలా, మా అంతట మేము ఒక విషయం ఎత్తకూడదా అన్నది ఆయన అభ్యంతరం. చివరికి కొత్త రూపమే పాసైంది. ఈ రోజుకీ ఐదో షెడ్యూల్‌లో ఉన్నది అదే.

మరైతే ఈ మండలి ఉత్తిదేనా? కాదు. అక్కడే అసలు కథ.

ఒక తప్పనిసరి మెట్టు

ఐదో షెడ్యూల్ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాల కోసం గవర్నరు "రెగ్యులేషన్" అనే ప్రత్యేక చట్టం చేయొచ్చు. కానీ టీఏసీని సంప్రదించకుండా చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత రాష్ట్రపతి ఆమోదం కూడా కావాలి. ఆ దారిలో వచ్చిందే 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 సవరణ. మన్యంలో ఎవరినడిగినా "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారే, అదే ఇది.

దాని సారం రెండు ముక్కల్లో చెప్తాను. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి అమ్మితే గిరిజనుడికే అమ్మాలి, లేదా గిరిజనుల సొసైటీకి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. ఇంకోటి, అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే.

దీని అసలు బలం 27 ఏళ్ల తర్వాత బయటపడింది. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల, ప్రభుత్వ భూముల్ని ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇచ్చారు. "సమత" అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో గెలవలేదు, సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. చట్టంలో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుంది, కాబట్టి షెడ్యూల్డ్ ఏరియాలో తన భూమిని కూడా ప్రభుత్వం గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకి ఇవ్వకూడదు అని. దేశమంతా చెప్పుకునే సమత తీర్పు ఇదే. మన పక్కనున్న మన్యం ఊళ్ల నుంచి పుట్టింది.

అడగకుండా దాటేస్తే?

ఇక్కడే లొసుగు కూడా చూడండి. రెగ్యులేషన్‌కైతే టీఏసీని అడగడం తప్పనిసరి. మామూలు జీవోకి అడగాలన్న మాట ఐదో షెడ్యూల్‌లో లేదు.

సమత తీర్పు ప్రైవేటు కంపెనీలని ఆపింది కానీ ప్రభుత్వ రంగ సంస్థకి తలుపు మూయలేదు. 2015 నవంబరు 5న జీవో 97 వచ్చింది. చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకానికి 1,212 హెక్టార్ల అటవీ భూమిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకి అప్పగించడానికి. మన్యం భగ్గుమంది. ఊరూరా సభలు, బంద్‌లు. టీఏసీని అడగకుండా ఇంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంటారు అన్నది అప్పుడు బాగా వినిపించిన ప్రశ్న. జీవోని పక్కన పెట్టారు, 2019లో పూర్తిగా రద్దు చేశారు.

అంటే ఏమైంది? మండలి గదిలో కూర్చుని అడగాల్సిన ప్రశ్న రోడ్డు మీద అడగాల్సి వచ్చింది. రోడ్డు మీద గెలిచారు, సంతోషమే. కానీ ప్రతిసారీ రోడ్డెక్కితేనే వినిపిస్తుందంటే ఆ కుర్చీలు ఎందుకు?

ఆ కుర్చీలు ఎవరివి?

ఇప్పుడు చిన్న లెక్క. ఫోన్‌లో కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

టీఏసీలో ఎక్కువలో ఎక్కువ 20 మంది. అందులో దాదాపు ముప్పావు వంతు, అంటే 15, అసెంబ్లీలోని ఎస్టీ ప్రతినిధులకి. అంతమంది ఎమ్మెల్యేలు లేకపోతే మిగిలిన సీట్లు ఆ తెగలకే చెందిన వేరేవాళ్లతో నింపాలి. ఇది రాజ్యాంగంలో ఉన్న మాట.

ఉమ్మడి రాష్ట్రం చివర్లో ఎస్టీ రిజర్వుడ్ అసెంబ్లీ సీట్లు 19. కాబట్టి 15 కుర్చీలూ ఎమ్మెల్యేలతోనే నిండిపోయేవి. 2014లో రాష్ట్రం విడిపోయాక మనకి మిగిలినవి 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. 15లోంచి 7 తీసేస్తే 8. అంటే 20 మందితో పూర్తి మండలి వేస్తే, ఎమ్మెల్యే కాని మామూలు గిరిజనులకి 8 కుర్చీలు వస్తాయి. పార్టీ టికెట్ అక్కర్లేదు, విప్ భయం లేదు. ఒక టీచరమ్మ కావచ్చు, పోడు చేసుకునే రైతు కావచ్చు, కాఫీ తోట ఉన్న అక్క కావచ్చు.

కానీ వాళ్లని ఎంచేది ఎవరు? ఎన్నిక లేదు. ఎలా నియమించాలో, అధ్యక్షుడు ఎవరో, మీటింగులు ఎలా నడపాలో అన్నీ గవర్నరు పేరు మీద ప్రభుత్వం పెట్టే రూల్సే. ప్రభుత్వానికి సలహా చెప్పాల్సినవాళ్లని ప్రభుత్వమే ఎంచుకుంటోంది. జైపాల్ సింగ్ 1949లో పడిన భయం ఇక్కడ ఇంకా బతికే ఉంది.

మన జిల్లాకి దీంతో ఏం పని?

చాలా పని ఉంది. షెడ్యూల్డ్ ఏరియా గీత 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో గీసినది. ఆ గీతకి ఇవతల, మన అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట, రావికమతం, గొలుగొండ, చీడికాడ లాంటి మండలాల్లో గిరిజన గూడేలు చాలా ఉన్నాయి. అదే తెగలు, అవే పండగలు, కొండ కింద అదే జీడితోట. కానీ ఊరు లిస్టులో లేదు కాబట్టి వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. కొండ మీద చుట్టానికి ఉన్న రక్షణ కొండ కింద చుట్టానికి లేదు. మా ఊళ్లని ఐదో షెడ్యూల్‌లో చేర్చండి అని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. చేర్చే అధికారం రాష్ట్రపతిది, అదీ గవర్నరుని సంప్రదించాక.

చాలామంది గమనించని పాయింట్ ఒకటుంది. టీఏసీ పని షెడ్యూల్డ్ ఏరియాకే పరిమితం కాదు. "రాష్ట్రంలోని" షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, పురోగతి అని ఉంది రాజ్యాంగంలో. భూమి చట్టం గీత దగ్గర ఆగిపోతుంది కానీ మండలి మాట ఆగక్కర్లేదు. రోలుగుంట గూడెం సమస్య కూడా ఆ టేబుల్ మీదకి రావచ్చు. ఆ 8 కుర్చీల్లో ఒకదాంట్లో మైదాన గిరిజనుల మనిషి కూర్చోవచ్చు. చట్టం ఎక్కడా అడ్డు చెప్పట్లేదు. అడిగేవాళ్లు కావాలి.

అందుకే నేను ఈ ఎపిసోడ్ చేసింది. సలహా మండలి అనగానే "సలహాయే కదా" అని తీసిపారేస్తాం. కానీ ఆ సంప్రదింపు అనే ఒక్క మెట్టు దాటి వచ్చిన చట్టమే 1997లో కొండని నిలబెట్టింది. దాన్ని దాటేసి వెళ్లిన జీవో నాలుగేళ్లు కూడా నిలవలేదు. కాబట్టి ఇకమీద మీ జిల్లా వాట్సాప్ గ్రూపులో మన్యం గురించి ఏదైనా కొత్త జీవో వచ్చిందని చూస్తే, మూడు ప్రశ్నలు వేయండి. టీఏసీ ఉందా? దాన్ని అడిగారా? ఆ 8 కుర్చీల్లో ఎవరున్నారు?

మీ ఊరు గీతకి ఇటువైపో అటువైపో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ముఠాదారులు అంటే ఎవరు, వాళ్లకీ బ్రిటిష్ వాళ్లకీ ఎక్కడ చెడింది అన్నది మాట్లాడుకుందాం. ఉంటాను మరి.