ఎగువన కొత్తది, మన దగ్గర పాతది: లినక్స్‌లో తాఖీర్ తారీఖ్

గోదావరి మహారాష్ట్ర దాటి బాసర దగ్గర మన ఉమ్మడి ఆదిలాబాద్‌ను తాకుతుంది. పైన ఎంత వాన పడినా, ఆ నీళ్లు శ్రీరాంసాగర్‌లో ఆగాకే కాకతీయ కాలువలోకి వస్తాయి. కంప్యూటర్ దునియాలోనూ ఇదే లఫ్జ్ నడుస్తుంది. ప్రోగ్రాము రాసేవాళ్లను ‘అప్‌స్ట్రీమ్’ అంటారు, అంటే ఎగువ. వాడుకునే మనం దిగువ. మధ్యలో ఉన్న జలాశయం డెబియన్, ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్.

లినక్స్ వాడే ఇళ్లల్లో పిల్లలు అడిగే సవాల్ ఒకటుంది. “ఈ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చి ఏడాదైంది, మన దాంట్లో ఇంకా పాతదే ఎందుకుంది అబ్బా?” ఈ తాఖీర్ సుస్తీ వల్ల వచ్చింది కాదు. దీని వెనక ముప్పై ఏళ్ల తారీఖ్ ఉంది.

1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నల్ విడుదల చేశాడు. ఒట్టి కెర్నల్‌తో పని జరగదు. మిగతా ప్రోగ్రాములన్నీ ఎవరెవరో, ఎక్కడెక్కడో రాసినవి. వాటిని జమచేసి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేసి జనానికి ఇవ్వాలని 1993 ఆగస్టు 16న అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి డెబియన్‌ను ప్రకటించాడు. అందులో ప్రతి ప్యాకేజీకి ఒక జిమ్మేదార్ ఉంటాడు.

ఎగువన కొత్త వెర్షన్ రాగానే ఆ జిమ్మేదార్ దాన్ని ముందు ‘అన్‌స్టేబుల్’ అనే అరలో పెడతాడు. పెద్ద లోపాలేవీ బయటపడకపోతే కొన్ని రోజులకు అది ‘టెస్టింగ్’లోకి పోతుంది. సుమారు రెండేళ్లకోసారి ఆ టెస్టింగ్ మొత్తాన్ని ఫ్రీజ్ చేసి, లోపాలు దిద్ది, ‘స్టేబుల్’గా విడుదల చేస్తారు. ఆ తర్వాత అందులోకి మామూలుగా కొత్త వెర్షన్లు రానివ్వరు. ఒక లైబ్రరీ మీద పదుల ప్రోగ్రాములు ఆధారపడి ఉంటాయి కదా, దాన్ని మారిస్తే అవన్నీ కదులుతాయి. భద్రతా లోపం దొరికితే మాత్రం కొత్త వెర్షన్‌లోని ఆ మరమ్మతు ముక్కనే తీసి పాతదానికి కుడతారు. అందుకే నంబరు పాతదే కనిపిస్తుంది, లోపల మరమ్మతు జరిగిపోయి ఉంటుంది.

ఈ సబర్‌కూ ఒక హద్దుంది. డెబియన్ ‘వుడీ’ 2002 జూలైలో వస్తే, తర్వాతి ‘సార్జ్’ 2005 జూన్‌లో గానీ రాలేదు. జనం ఇంతెజార్‌తో విసిగారు. ఈలోపు 2004 అక్టోబరులో మార్క్ షటిల్‌వర్త్ డెబియన్ మీదే ఉబుంటును కట్టి, ఆరు నెలలకోసారి విడుదల అనే పద్ధతి పెట్టాడు. మన హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ వాళ్లు తెలుగు లినక్స్ తయారుచేసిందీ డెబియన్ పునాది మీదే. ఇలా సిల్సిలాలో ఒక్కో కడీ పెరిగే కొద్దీ వాడేవాడి దాకా రావడానికి ఇంకొంత ఆలస్యం అవుతుంది.

మధ్యవాళ్ల చేతిలో పడినంత మాత్రాన అంతా మహఫూజ్ అనుకోలేం. 2006లో డెబియన్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన ఒక చిన్న మార్పు వల్ల రహస్య తాళంచెవులు తేలిగ్గా ఊహించగలిగేవిగా తయారయ్యాయి. అది బయటపడింది 2008 మేలో. ఎగువ కోడ్‌లో ఆ లోపం లేదు, పెట్టింది జలాశయం దగ్గర.

2024లో దీనికి ఉల్టా జరిగింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ‘జియా టాన్’ పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఖిద్మత్ చేసి, భరోసా సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని శక్ వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే గుట్టు బయటపడింది. ఆయన దాన్ని లోకానికి చెప్పింది మార్చి 29న, రంజాన్‌లో ఒక జుమా రోజు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్‌లకు చేరాయి. స్టేబుల్‌లో ఉన్నది పాతదే కాబట్టి అది బచాయించింది.

మన ముహద్దిసీన్ సనద్‌లో మజ్‌హూల్ రావీ, అంటే ఎవరో ఏమిటో తెలియని కథకుడు ఉంటే ఆ రివాయత్‌ను జయీఫ్ అనేవారు. జియా టాన్ అసలు ఎవరో ఇవాళ్టికీ తేలలేదు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఆ మోసాన్ని స్టేబుల్ పట్టుకోలేదు. తాఖీర్ తనంతట తాను ఏ తప్పునూ పట్టదు, పట్టేవాళ్లకు మొహలత్ ఇస్తుంది. కొత్తదాన్ని ముందుగా వాడి పరీక్షించేవాళ్లు లేకపోతే ఆ మొహలత్ కూడా వృథాయే.

కాబట్టి ఇంట్లో కంప్యూటర్ మీద వెర్షన్ నంబరు పాతదని పరేషాన్ కానక్కర్లేదు. చూడాల్సింది దానికి వారిస్ ఉన్నాడా లేడా అన్నది. డెబియన్ స్టేబుల్‌కు మొత్తం మీద ఐదేళ్లు, ఉబుంటు ఎల్‌టీఎస్‌కు ఐదేళ్లు భద్రతా మరమ్మతులు అందుతాయి. ఆ గడువులో ఉండి, అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటే ఆ పాతదనం భద్రత కోసం చేసిందే. గడువు దాటిందంటే అది లావారిస్. దాని మీద బ్యాంకు పనులు, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు చేయకండి. ముందు దాన్ని మార్చండి.