సొట్ట కన్నా తుప్పే ముప్పు

అశోక్‌నగర్: చిక్కడపల్లి నుంచి ఇందిరాపార్కు వైపు వెళ్లే అశోక్‌నగర్ వీధులు కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, అపార్టుమెంట్లతో కిక్కిరిసి ఉంటాయి. కారు నిలిపేందుకు చోటు దొరకడమే గగనం. ద్విచక్ర వాహనాల హ్యాండిళ్లు ఒరుసుకుని గీతలు పడటం, గేటు స్తంభం తగిలి సొట్టలు పోవడం ఇక్కడి కార్లకు నిత్యకృత్యం. ఏళ్ల తరబడి పట్టించుకోని ఈ దెబ్బలు రవాణా శాఖ తనిఖీ గడువు సమీపించగానే యజమానులకు గుర్తుకొస్తాయి. కారంతటికీ రంగు వేయించాలేమోనన్న ఆందోళనతో టింకరింగ్ దుకాణాలకు పరుగులు తీస్తారు. చాలామందికి అంత ఖర్చు అవసరమే లేదు.

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత వాహనాన్ని అధికారికి చూపి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ సిరీస్‌తో 2010 నాటికి రోడ్డెక్కిన కార్లన్నీ ఈ వయసు దాటేశాయి. గడువుకు 60 రోజుల ముందు నుంచే 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేసుకునే వీలుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రుసుము రూ.600 నుంచి రూ.5 వేలకు పెరిగింది. ఆలస్యమైతే నెలకు రూ.500 చొప్పున అదనం.

క్యాబ్‌లు, ఆటోలది మరింత ఇబ్బందికర పరిస్థితి. కొత్త వాహనానికి రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలని 2018 సవరణ నిర్దేశించింది. గడువు దాటితే రోజుకు రూ.50 అదనపు రుసుమును కేంద్రం 2016 డిసెంబరులో నిబంధనల్లో చేర్చింది. దీనిపై 2022 మే నెలలో హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్ సంఘాలు ఆందోళనకు దిగాయి. బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ డ్రైవరుకు కూలి పోయినట్లే గనుక మరమ్మతులను చివరి వారానికి వాయిదా వేయడం శ్రేయస్కరం కాదు.

చూసేది అందం కాదు

తనిఖీలో ప్రధానంగా పరిశీలించేది వాహనం రోడ్డుపై ప్రమాదకరమా, కాదా అన్నదే. తలుపుపై గీతకు గాని, చిన్న సొట్టకు గాని భయపడనక్కర్లేదు. వేలాడుతున్న బంపరు, విరిగి అంచు బయటకు పొడుచుకొచ్చిన మడ్‌గార్డు, పగిలిన ఇండికేటరు, లేని సైడ్ అద్దం, డ్రైవరు కంటికి అడ్డుగా చీలిన ముందు అద్దం.. వీటిని మాత్రం ఉపేక్షించరాదు. చేతిలో డబ్బు కొద్దిగా ఉంటే మొదట ఖర్చు చేయాల్సింది వీటిపైనే. దీపాలపై కవరు పసుపు రంగుకు మారి వెలుతురు తగ్గితే కొత్తది కొనక్కర్లేదు. వెయ్యి, రెండు వేల నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్ది పాలిష్ చేస్తే చాలావరకు తేటపడుతుంది. నంబరు ప్లేటు వంగి అంకెలు చెరిగితే సరిచేయించుకోవాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినందున అద్దాలపై నల్ల ఫిల్ములు ఉంటే ముందే తీసేయాలి.

గీత లోతును గోటితోనే తెలుసుకోవచ్చు. గోరు తట్టకుంటే పైపూతకే దెబ్బ తగిలినట్లు. రబ్బింగ్ కాంపౌండుతో పోతుంది. లోహం కనిపిస్తుంటే మాత్రం తుప్పు పూర్తిగా గీకి, ప్రైమర్ వేసి, ఆపై రంగు, క్లియర్ కోటు వేయాలి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోరాదు. గాలిలో తేమకు రంగు పాలిపోయి తెల్లమచ్చలు తేలుతాయి. ప్లాస్టిక్ బంపరు సొట్టపై వేడినీళ్లు పోసి లోపలి నుంచి నెడితే తరచూ యథాస్థితికి వస్తుంది.

లప్పం మాటున మోసం

అసలు ముప్పు తుప్పుతోనే. హుస్సేన్‌సాగర్ వరద నాలా పక్కనే పోతున్న ఈ ప్రాంతంలో వాన నీటిలో కారు నడపక తప్పదు. తలుపు అడుగున నీరు జారిపోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోతే రేకు లోపలి నుంచి తినేస్తుంది. పైకి చిన్న బుడగలా కనిపించే చోట వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. కొందరు పనివారు ఆ చిల్లును లప్పంతో మెత్తి, రంగు కొట్టి అప్పగిస్తారు. నాలుగు నెలలకే అది పెళ్లలుగా రాలుతుంది. తలుపు కింది పట్టీలు, అడుగు రేకు వంటి బరువు మోసే భాగాల్లోనైతే ప్రమాదంలో ప్రాణాలకే ముప్పు. అక్కడ కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించడమే సరైన పద్ధతి. పనివారు ఏం చేశారో చూడాలంటే చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకు మీద అది అంటకుంటే కింద లప్పం మందంగా ఉన్నట్లే.

రంగు వేసేటప్పుడు మరో రెండు జాగ్రత్తలు అవసరం. చాసిస్ నంబరుపై రంగు మందంగా పడితే తనిఖీలో పెన్సిల్ ప్రింటు రాదు. ఆ చోట కాగితం అతికించమని ముందే చెప్పాలి. ఇక రంగే మార్చదలిస్తే ఆర్‌సీలో నమోదు తప్పనిసరి.

బీమాతో ఈ ఖర్చు రాబట్టవచ్చన్న ఆశ పాత కార్ల యజమానులకు తక్కువే. చాలామంది థర్డ్ పార్టీ పాలసీతో సరిపెడతారు. అది సొంత కారు సొట్టకు వర్తించదు. పూర్తి పాలసీ ఉన్నా 1,500 సీసీ లోపు కారుకు మొదటి రూ.1,000 యజమానే భరించాలి. పైగా క్లెయిము చేస్తే ఐదేళ్లలో 50 శాతం దాకా చేరే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. రెండు మూడు వేల పనికి చేతి డబ్బు పెట్టుకోవడమే లాభం.

తనిఖీకి వెళ్లేనాటికి బీమా, కాలుష్య ధ్రువపత్రాలు చెల్లుబాటులో ఉండాలి. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పత్రం నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టంలోని 56వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితం అడిగి తీసుకుంటే, అందులో చూపిన లోపాలను మాత్రమే సరిచేయించి వాహనాన్ని మళ్లీ చూపవచ్చు.