అరిదారం నుంచి క్రీమ్ బ్లష్ దాకా



పోయిన వారం మన వాట్సాప్ గుంపులో ఒక అమ్మాయి అడిగింది: "పెదనాన్నా, మొహం నిండా మొటిమలున్నాయి. సంబంధానికి ఫోటో తీయాలంటున్నారు. క్రీమ్ బ్లష్ రాసుకోవచ్చా?" క్రీమ్ బ్లష్ అంటే బుగ్గలకు వేలితో అద్దుకునే ఎర్ర రంగు. జవాబులు చాలా వచ్చాయి. నేను డాక్టరును కాను, రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయితే ఈ ప్రశ్నకు వెనక పెద్ద చరిత్ర ఉంది. అది తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు ఒక మాట సంగతి. బడిలో నేను చదివింది తమిళం. తమిళంలో వేషం కట్టడాన్ని "అరిదారం పూసుకోవడం" అంటారు. సినిమా వాళ్ళకూ ఆ మాటే. మన తెలుగులో అదే అరిదళం, నాటకాల వాళ్ళ నోట అర్దళం. రెండిటికీ మూలం సంస్కృతంలోని హరితాళం. అదొక పసుపుపచ్చ రాయి. గంధకమూ ఆర్సెనిక్కూ కలిసినది. ఆర్సెనిక్ అంటే పాషాణం, విషం. కూచిపూడి వేషగాళ్ళు, యక్షగానాల వాళ్ళు దాన్నే నూరి ముఖానికి పట్టించేవారు. తెల్లదనానికి సఫేదా. అది సీసంతో చేసినదీ ఉండేది, జింకుతో చేసినదీ ఉండేది. తంజావూరు దగ్గర మెలట్టూరులో ఇప్పటికీ నరసింహ జయంతికి మన తెలుగు భాగవత మేళం ఆడుతున్నారు, ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. అలాంటి కళలను తరతరాలుగా నిలబెట్టిన వాళ్ళు తమ చర్మాన్ని పణంగా పెట్టారన్నది మనం మరిచిపోకూడదు.

ఇది మన దేశంలోనే జరిగింది కాదు. ఇంగ్లండులో మారియా గన్నింగ్ అనే అందగత్తె ఉండేది, కోవెంట్రీ ప్రభువు భార్య. సీసపు తెల్లపూత, దానిపైన బుగ్గలకు ఎరుపు పూసుకునేది. 1760లో చిన్న వయసులోనే చనిపోయింది. ఆ పూతలే ఆమె ప్రాణం తీశాయని చెబుతారు. సీసం చర్మాన్ని పాడు చేస్తుంది, పాడైన చర్మాన్ని దాచడానికి ఇంకా మందంగా పూస్తారు, ఇంకా పాడవుతుంది. ఈ చక్రం గుర్తు పెట్టుకోండి, మొటిమల దగ్గర మళ్ళీ వస్తుంది. 1873లో బెర్లిన్‌లో లుడ్విగ్ లైష్నర్ అనే ఒపెరా గాయకుడు సీసం లేని జిడ్డురంగులు తయారు చేసి అమ్మసాగాడు. ఇవాళ్టి క్రీమ్ రంగులు ఆ వంశానివే.

ఇక ఎరుపు. దీనికి మన మద్రాసుతో సంబంధం ఉంది. నాగజెముడు మీద బతికే కొచినీల్ అనే పురుగును ఎండబెట్టి కార్మైన్ అనే ఎరుపు తీస్తారు. మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్ళు దాన్ని అమ్మి బాగా గడించారు. ఆ లాభం కోసం 18వ శతాబ్దం చివర కంపెనీ వాళ్ళు సైదాపేటలో నాగజెముడు తోట వేశారు. డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ దాన్ని నడిపించాడు. కానీ 1795లో ఈ దేశానికి చేరింది అసలు పురుగు కాదు, అడవి రకం. రంగు అంతంత మాత్రం, వ్యాపారం సాగలేదు. కార్మైన్ మాత్రం ఇవాళ్టికీ చాలా బ్లష్‌లలో ఉంది. డబ్బా మీద 75470 అనే నంబరు ఉంటే అదే. శాకాహారులు చూసి కొనండి.

మన చట్టం సంగతి. 1940లో వచ్చింది మందుల చట్టం. 1962 సవరణతో అందులోకి సౌందర్య సాధనాలు చేరాయి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదని నిబంధన ఉంది. అంటే అరిదారం అనే పేరు మిగిలింది, ఆ రాయికి మాత్రం చోటు లేదు.

విషం పోయింది సరే, మొటిమలు? 1972లో అమెరికాలో క్లిగ్‌మన్, మిల్స్ అనే ఇద్దరు ఒక సంగతి తేల్చారు. ముఖానికి పూసే క్రీములే కొందరికి మొటిమలు తెస్తున్నాయని. కొన్ని నూనెలు, కొవ్వులు రంధ్రాలను మూస్తాయి. అది ఒక్క రోజులో కనపడదు, వారాలు, నెలలు పడుతుంది. కనుక మొదటి రోజు బాగుందంటే సరిపోదు. "నాన్ కొమెడోజెనిక్" అని డబ్బా మీద ఉంటే కొంత మేలే, కానీ దాని వెనక చట్టం పెట్టిన కొలత లేదు. సరుకు మీద చీటీ ఉన్నంత మాత్రాన లోపలి సరుకు అదేనని పార్సిల్ ఆఫీసులో ఎవరూ నమ్మరు గదా!

కాబట్టి అమ్మాయీ, రెండు పరీక్షలు చెయ్యి. మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడు. దురద, ఎరుపు వస్తే మానెయ్యి. రాకపోతే దవడ పక్కన కొంచెం చోట కొన్ని వారాలు వాడి చూడు. చితికిన మొటిమ మీద పెట్టకు. స్టిక్కును నేరుగా ముఖానికి రుద్దకు, కడిగిన వేలితో అద్దుకో. ఎవరిదీ తీసుకోకు, నీది ఇవ్వకు. రాత్రి కడగకుండా పడుకోకు. మొటిమలకు మందు వాడుతుంటే డాక్టరునే అడుగు. ఫోటో ముందురోజు కొత్త డబ్బా తెరవనే వద్దు.

ఇక పెద్దలకు ఒక మాట. స్టిక్కర్ బొట్టు జిగురులోని ఒక రసాయనం వల్ల కొందరికి నుదుట తెల్లమచ్చ పడుతుంది. దాన్ని చూసి బొల్లి అంటారు, వంశం అంటారు. తమిళంలో "వెణ్‌కుష్టం" అనే పాడు పేరు కూడా ఉంది. కుష్టుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. బొల్లే అయినా అది అంటుకునేది కాదు. మొటిమలూ అంతే. ఇలాంటి మచ్చ చూసి సంబంధం వెనక్కి పంపిన ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. సీసం పూసుకున్న ఆ దొరసాని తన ఇష్టానికే పూసుకుందా, చూసేవాళ్ళ కళ్ళకు భయపడి పూసుకుందా? మన పిల్లలు ఆ భయంతో అద్దం ముందు నిలబడకూడదు. బుగ్గకు రంగు సరదాకు వేసుకోవాలి.

మీ ఇళ్ళలో అవ్వలు, జేజమ్మలు ముఖానికి ఏం రాసేవారు, దాన్ని మన తెలుగులో ఏమనేవారు? హోసూరు వాళ్ళు, కోయంబత్తూరు వాళ్ళు, బరంపురం వాళ్ళు కింద రాయండి. ఆ మాటలు పోకముందే ఒక చోట చేర్చుకుందాం.