కృష్ణకు ఆవల ఎఫ్రాయిము సంతతి



తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు: "మాస్టర్ సాబ్, ఆ దేశం మాదేనని యూదులు ఏ ఆధారంతో అంటారు?" ప్రశ్న చిన్నదే, జవాబు పెద్దది. అందులో ఒక ముక్క మన కృష్ణకు ఆవలి ఒడ్డునే ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని తెలుగు కుటుంబాలున్నాయి. మాదిగ కులస్థులు, క్రైస్తవులుగా ఉంటూ వచ్చారు. 1980లలో యాకోబీ సోదరుల నాయకత్వాన తాము యూదులమని, తప్పిపోయిన పది గోత్రాలలో ఎఫ్రాయిము సంతతి వారమని ప్రకటించుకున్నారు. ఎఫ్రాయిము హజ్రత్ యూసుఫ్ గారి కుమారుడని తౌరాతు చెబుతుంది. శనివారం సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఇజ్రాయెల్ చేరాలని వారిలో పలువురి కోరిక.

యూదుల వాదంలో మొదటిది మతపరమైన ఆధారం. హజ్రత్ ఇబ్రాహీం సంతతికి దేవుడు ఆ నేలను వాగ్దానం చేశాడని వారి నమ్మకం. అయితే మసీహా వచ్చేదాకా రాజ్యం కోరరాదని వారి పండితుల్లోనే చాలామంది వాదించారు.

రెండవది లౌకికమైనది. యూరపులో యూదులు పడ్డ హింస చూసి హెర్జల్ 1896లో పుస్తకం రాశాడు, 1897లో బాసెల్‌లో మహాసభ జరిపాడు. మనదీ ఒక జాతి, జాతికి దేశం కావాలి అన్నాడు. 1903లో బ్రిటన్ తూర్పు ఆఫ్రికాలో భూమి ఇవ్వజూపితే 1905లో మహాసభ కాదన్నది. అంటే లౌకిక ఉద్యమానికి కూడా పాత గ్రంథాల్లోని నేలే కావలసివచ్చింది! తరువాత 1917లో బాల్ఫోర్ ప్రకటన, హిట్లర్ చేతిలో 60 లక్షల మంది హత్య, 1947లో ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం. అనుకూలం 33, వ్యతిరేకం 13. మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది.

1950 నాటి చట్టం ప్రకారం ఏ యూదుడైనా ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడవచ్చు. మరి యూదుడెవరు? ఇక్కడ మళ్ళీ మత పెద్దల మాట అడ్డం వస్తుంది. మణిపూర్, మిజోరంలలోని మనష్షే సంతతి వారిని 2005లో ఒక ప్రధాన రబ్బీ గుర్తించారు. మన తెలుగువారికి అలాంటి గుర్తింపు రాలేదు.

ఇంకో సంగతి మరువరాదు. 1948లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్నారు. యూదుల మీద తనకు సానుభూతి ఉన్నా, అరబ్బులపై వారిని రుద్దడం తప్పని గాంధీజీ 1938లోనే రాశారు.

ఆ అబ్బాయికి నేను చెప్పిందిదే: తాతముత్తాతల జ్ఞాపకం గొప్పదే బాబూ, కాని ఆ నేల మీద నేడు పొయ్యి వెలిగించుకునేవాడి హక్కు దానికి తీసిపోదు. ఈ రెండింటికీ న్యాయం చేసేదే నిజమైన తీర్పు.