సగంలో సగం

శ్రీకూర్మం గుడి స్తంభాల మీద అఖండదీపాలకు మాడలు సమర్పించిన దాతలు వరసకట్టి ఉంటారు. మాడ బంగారం, సంతలో కూరగాయలకు పనికొచ్చేది కాదు. కోటబొమ్మాళి వైపు రైతుకు నిత్యం చేతిలో ఆడింది ధాన్యం కొలిచే కుంచమే. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దెలు.

పుట్టి ఒక్కటి పక్కన పెడితే అన్నీ నాలుగులే. రోమనులు తమ ‘ఆస్’ను, అది నాణెమైనా తూకమైనా, 12 ‘ఉన్కియా’లుగా కోశారు. మూడో వంతు కావాలంటే పన్నెండే మేలు. కానీ కళ్లంలో రాశిని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడానికి త్రాసు కూడా అక్కర్లేదు. పాత లెక్కల్లో ఈ భిన్నాలకు వేరే అంకెలే ఉండేవి: పావులకు నిలువు గీతలు, పదహారో వంతులైన వీసాలకు అడ్డగీతలు. 2008లో యూనికోడ్ వాటికీ, తూము గుర్తుకూ చోటిచ్చింది. టైపు చేసేవాళ్లే లేరు!

1794లో ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీవారు బర్మింగ్‌హామ్‌లో ఆవిరియంత్రాలపై రాగి డబ్బులు కొట్టించారు. రూపాయికి 48 అని వాటి మీద ఇంగ్లీషులో రాశారు. కంపెనీ నినాదం మాత్రం లాటిన్‌లో! నారాయణవలస సంతకు పశువుల్ని తోలుకొచ్చే రైతుకు రెండూ ఒకటే. తర్వాత అణాకు 12 దమ్మిడీలు స్థిరపడ్డాయి, రోము పన్నెండు దొడ్డిదారిన వచ్చినట్టు. అయినా అణాకు కాణులు నాలుగే, రూపాయికి పావలాలు నాలుగే. 1936లో ఈ ప్రాంతం గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాకు, 1950లో శ్రీకాకుళం జిల్లాకు మారినా ఆ లెక్క కదల్లేదు.

కదిలించింది 1957 ఏప్రిల్ 1. రూపాయికి 100 నయాపైసలు. పావలాకు 25 సరిగ్గా కుదిరింది. అణాకు ఆరుంపావు రావాలి, సర్కారు ఆరే కట్టింది. అణాలు నాలుగూ విడివిడిగా మారిస్తే ఒక పైసా గల్లంతు. బేరగాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

మెట్రిక్ తూకాలతో పాత తూకం వీశె పోయింది, 2011 జూన్ 30తో పావలా బిళ్లా పోయింది. తూకపురాళ్లు 50, 100, 200, 500 గ్రాములు. సంతలో అడిగేది మాత్రం పావుకేజీ. అందుకోసం దుకాణదారు 200 రాయి పక్కన 50 రాయి వేస్తాడు.